14 మందితో కోనసీమ నుంచి కౌలాలంపూర్, సింగపూర్: గ్రూపుగా విదేశం వెళ్లాలంటే ఏం చేయాలి

మా పెద్దమ్మకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒక్కసారి విమానమెక్కి సముద్రం దాటాలని ఉందని ఆవిడ నోరు తెరిచి చెప్పిన రోజున మా నాలుగు ఇళ్లలో కదిలిన మాట, ఏడు నెలల తర్వాత 14 మందిమి కౌలాలంపూర్‌లో దిగడం దాకా వెళ్లింది. అమలాపురం నుంచి రెండు కుటుంబాలు, పాలకొల్లు నుంచి ఒకటి, కాకినాడ నుంచి ఒకటి. అందరిలో చిన్నవాడికి ఐదేళ్లు. ఆ ఏడు నెలలూ కాగితాలు, టికెట్లు, లెక్కలు నేనే చూశాను. ఆ తర్వాత బంధువుల్లో ఇంకో రెండు గ్రూపులకి కూడా సాయం చేశాను. ఇప్పుడు ఎవరడిగినా ముందు చెప్పే మాట ఒకటే: మీ గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకోండి, ప్లాన్ మొత్తం ఆ మనిషి చుట్టూ వేయండి. హోటల్, విమానం టైము, రోజుకి ఎన్ని చూడాలి, బస్సా విమానమా, అన్నీ అక్కడి నుంచే తేలతాయి.

ఆరేడు నెలల ముందు: మనుషుల్ని తేల్చుకోండి

వాట్సాప్ గ్రూపు పెట్టగానే పాతికమంది "మేమూ వస్తాం" అంటారు. సంతోషమే, కానీ వాళ్లలో సగం మందికి పాస్‌పోర్ట్ ఉండదు. ఒక తేదీ పెట్టండి. ఆ తేదీలోపు పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో పంపి, మనిషికి ఇంత అని అడ్వాన్సు వేసినవాళ్లే లెక్కలోకి వస్తారు. ఈ అడ్వాన్సు తిరిగి ఇచ్చేదా కాదా, ఎప్పటిదాకా ఇస్తారు అన్నది గ్రూపులో అందరూ చూసేలా ముందే రాసి పెట్టండి. మాకు ఒక కుటుంబం టికెట్లు తీశాక మానుకుంది. రాసిపెట్టుకున్నది ఉండబట్టి మాటా మాటా రాకుండా గడిచింది.

నిర్ణయాలకి ముగ్గురు చాలు. ఒకరు కాగితాలు, టికెట్లు. ఒకరు డబ్బు. ఒకరు పెద్దవాళ్ల ఆరోగ్యం, మందులు, తిండి. ఈ మూడోవారు తప్పకుండా ఆడవాళ్లలో ఒకరైతే మంచిది, ఎందుకంటే మా అత్తయ్య తన షుగర్ సంగతి మా అక్కకి చెప్పింది గానీ మా మామయ్యకి చెప్పలేదు.

తేదీలు

మన డెల్టాలో తేదీ పెట్టడం పంటని బట్టే. సార్వా కోతలు నవంబర్, డిసెంబర్. వెంటనే దాళ్వా నాట్లు, మధ్యలో సంక్రాంతి, ఆ రోజుల్లో ఊరు వదిలి ఎవరూ రారు, రమ్మనడం కూడా తప్పే. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో అవుతాయి, కాలువలు కట్టేస్తారు, పిల్లలకి సెలవులు. అందుకని మేం మే రెండో వారం పెట్టుకున్నాం. పెళ్లి ముహూర్తాలు చూసుకోవాలి, టికెట్టు ధర కూడా కొంచెం ఎక్కువే. రొయ్యల చెరువులున్న మా బాబాయి పట్టుబడి ఎప్పుడొస్తుందో లెక్కేసి చెప్పేదాకా ఆగాం. బడి పిల్లలు లేని గ్రూపైతే ఫిబ్రవరి, మార్చి ఇంకా హాయి. మలేషియా, సింగపూర్ భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా ఒకటే ఉక్క, ఏ నెలలోనైనా వాన పడొచ్చు. వాతావరణం కంటే పండగలు చూసుకోవాలి. చైనీస్ న్యూ ఇయర్‌కి హోటళ్లు దొరకవు, సుబ్రహ్మణ్యస్వామి పండగ థైపూసానికి కౌలాలంపూర్ బటు కేవ్స్ గుహల గుడి దగ్గర లక్షల్లో జనం ఉంటారు.

పాస్‌పోర్టులు: ఇక్కడ తొందరపడొద్దు

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే. మనిషికో లైను చొప్పున ఒక పుస్తకంలో రాసుకోండి: పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు అక్షరం అక్షరం, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఖాళీ పేజీలు. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ పదేళ్లు ఉంటుంది, పిల్లలది ఐదేళ్లే. మేం పెద్దవాళ్లవి మాత్రమే చూసి పిల్లలవి వదిలేశాం. మా మేనకోడలి పాస్‌పోర్ట్‌కి నాలుగు నెలలే ఉందని ప్రయాణానికి ఇంకా 40 రోజులుందనగా తెలిసింది. తత్కాల్‌లో చేయించాం. టెన్షన్ పడ్డాం, అదనంగా రూ.2,000 అయింది.

మామూలుగా పెద్దవాళ్లకి 36 పేజీల పాస్‌పోర్ట్ ఫీజు రూ.1,500. భీమవరంలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, అది కాక పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రాలు కూడా ఉన్నాయి. వెబ్‌సైట్‌లో ముందు దొరికే స్లాట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన బిడ్డకైతే జనన ధ్రువపత్రం తప్పనిసరి, ఆధార్ చూపిస్తే సరిపోదు.

పేర్ల సంగతి. మన ఇంటిపేరే మనకి పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, హోటల్ అన్నీ పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి, వేరే ఏ కార్డూ చూడొద్దు. పేర్లు ఫోన్లో చెప్పి టికెట్ తీయించొద్దు. మా పెద్దమ్మ టికెట్ ఒక ఆఫీసులో ఫోన్ మీద చెప్పి తీయిస్తే ఇంటిపేరు పొట్టి అక్షరంతో వచ్చింది, దాన్ని సరిచేయించడానికి నాలుగు రోజులు తిరిగాం. ఒంటిపేరు మాత్రమే ఉన్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా ఇవ్వని దేశాలు కూడా ఉన్నాయి, దుబాయ్ వెళ్లాలనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇంకోటి, మన వైపు చాలామందికి తెలియనిది. పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉండొచ్చు. మలేషియా, థాయిలాండ్, గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు ఈ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. టూరిస్టుగా వెళ్తే అక్కర్లేదు, కానీ ఇమిగ్రేషన్ కౌంటర్లో ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. మన జిల్లాల నుంచి ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లి మోసపోయిన ఆడవాళ్లు ఎంతమందో, అందుకే ఆ జాగ్రత్త, దాన్ని తప్పు పట్టకూడదు. అలాంటివాళ్ల చేతిలో రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ కాగితం మీద ప్రింట్ తీసి పెట్టండి, కుటుంబంలో ఒకరు పక్కనే నిలబడండి. 50 ఏళ్లు దాటినవాళ్లు ఈసీఆర్ లేకుండా పాస్‌పోర్ట్ తీసుకోవచ్చు, రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అడగండి.

డబ్బు, మొహమాటం

గ్రూపుల్లో మనసులు విరిగేది డబ్బు దగ్గరే, అదీ మొహమాటం వల్ల. అడగలేక ఊరుకున్నవాళ్లు ఇంటికొచ్చాక ఏడాదిపాటు గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి ఏ ఖర్చు ఎలా పంచుకోవాలో మొదటిరోజే తేల్చండి. మేం మూడు రకాలుగా విడగొట్టాం. విమానం, వీసా, ఇన్సూరెన్స్, ప్రవేశ టికెట్లు ఎవరివి వాళ్లవే, ఎంతైతే అంత. గదులు గది లెక్కన: గదికి రోజుకి రూ.6,000 అనుకుంటే ఇద్దరున్న గదిలో తలకి 3,000, ముగ్గురుంటే 2,000. అంతే గానీ మొత్తం అద్దెని 14తో భాగించొద్దు, ఒక గదిలో నలుగురు సర్దుకున్న కుటుంబానికి అది అన్యాయం. ఇక వ్యాను, మంచినీళ్లు, టిప్పులు, దారిలో టీలు ఉమ్మడి సంచిలోంచి. ఉమ్మడి సంచికి పెద్దలకి ఒక వంతు, పన్నెండేళ్లలోపు పిల్లలకి అర వంతు. షాపింగ్ ఉమ్మడిలోకి రానే రాదు.

డబ్బు చూసేవారు ప్రతి రాత్రీ ఆరోజు ఖర్చు గ్రూపులో పెట్టేయాలి. మా బావ పెట్టేవాడు, పది నిమిషాల పని, దానివల్ల చివరిరోజు ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

ఒకేసారి కట్టలేని ఇల్లు ఉంటే చీటీ పద్ధతిలో నెలనెలా వేసుకుంటూ రండి. అందుకే ఆరేడు నెలల ముందు మొదలెట్టమనేది.

కరెన్సీ కొంత నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే వేసి పెట్టుకునే కార్డు) ఉంచుకోండి. నోట్ల రూపంలో మనిషికి ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు తీసుకెళ్లొచ్చు, మన రూపాయలైతే రూ.25,000 దాకా. డెబిట్ కార్డు విదేశాల్లో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయాలి, ఇది ఇంటి దగ్గరే చేసుకోండి, అక్కడ ఓటీపీ రాకపోతే ఇబ్బంది. షాపులో కార్డు గీసినప్పుడు "రూపాయల్లో కడతారా, లోకల్ కరెన్సీలోనా" అని మెషీన్ అడిగితే లోకల్ కరెన్సీనే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది, అది మనకి నష్టం.

ప్యాకేజీ తీసుకోవాలా?

మొదటిసారి వెళ్లే గ్రూపులో పెద్దవాళ్లుంటే ప్యాకేజీయే మంచిదని నా అభిప్రాయం, కానీ విమానం టికెట్లు మీరే తీసుకుని అక్కడి హోటల్, వ్యాను, గైడు మాత్రం ఏజెంటుకి అప్పగిస్తే ఇంకా నయం. రాజమండ్రిలోనో భీమవరంలోనో ముగ్గురు ఏజెంట్ల దగ్గర ఒకే ప్లాన్‌కి ధర రాతపూర్వకంగా అడగండి. "త్రీ స్టార్ లేదా దానికి సమానమైనది" అని రాస్తే ఒప్పుకోకండి, హోటల్ పేరు రాయమనండి, మ్యాపులో అది ఊరికి ఎంత దూరమో మీరే చూడండి. ఏ పూట భోజనం కలిసింది, షాపింగ్ కోసమని ఎన్ని చోట్ల ఆపుతారు, డ్రైవర్ టిప్పులు ఎవరివి, ఇవన్నీ కాగితం మీదకి రావాలి.

విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ అని, అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి మన పేరున కట్టే పన్ను, అదనంగా తీసుకుంటారు. దాని రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది, కట్టే రోజున ఎంతో అడగండి. అది పోయే డబ్బు కాదు, కట్టినవారి పాన్ మీద ఆదాయపు పన్ను లెక్కలో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా వాపసు వస్తుంది. ఇక్కడే జాగ్రత్త: 14 మంది డబ్బూ ఒకరి ఖాతాలోంచి కడితే టీసీఎస్ మొత్తం ఆ ఒక్కరి పాన్ మీద పడుతుంది. ఏ కుటుంబానికి ఆ కుటుంబం విడిగా కట్టి విడిగా రసీదు తీసుకోండి.

విమానం టికెట్లు

విశాఖ, హైదరాబాద్, చెన్నై మూడు చోట్ల నుంచీ ధర చూడండి. నేరుగా వెళ్లే విమానాలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పింది నమ్మకుండా ఆ నెలకి ఉన్నవే చూడండి. పది మంది దాటితే చాలా ఎయిర్‌లైన్స్ గ్రూప్ ఫేర్ ఇస్తాయి. అడ్వాన్సు కట్టి పేర్లు తర్వాత ఇవ్వొచ్చు, అది పెద్ద సౌకర్యం. ధర ఎప్పుడూ తక్కువే ఉంటుందని అనుకోకండి, రెండూ పోల్చండి. మామూలు వెబ్‌సైట్లలో ఒక బుకింగ్‌లో తొమ్మిది మందికే వీలుంటుంది. పైగా తొమ్మిది సీట్లు ఒకేసారి వెతికితే, తక్కువ ధరవి నాలుగే మిగిలి ఉన్నా తొమ్మిదింటికీ పై ధరే చూపిస్తుంది. ఒకరికి, నలుగురికి, తొమ్మిది మందికి విడివిడిగా వెతికి చూడండి, తేడా మీకే కనబడుతుంది. విడగొట్టి తీస్తే ప్రతి బుకింగ్‌లోనూ పెద్దవాళ్లతో పాటు చురుకైన మనిషి ఒకరు ఉండాలి.

చవక విమానాల్లో చెక్-ఇన్ సామాను టికెట్లో కలిసి ఉండదు, ముందే ఆన్‌లైన్‌లో కొనండి. వీల్‌చెయిర్ కావాల్సినవాళ్లకి టికెట్ తీసేటప్పుడే రాయించండి. మా పెద్దమ్మ "నాకెందుకు, నడుస్తాను" అంది, నేను వినలేదు. పెద్ద విమానాశ్రయాల్లో గేటు దాకా కిలోమీటరు నడక మామూలే.

వీసా, అరైవల్ కార్డులు

మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లకి 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, ఈ వెసులుబాటుని 2026 చివరి దాకా పొడిగించారు. టికెట్ తీసేముందు ఇంకోసారి చూసుకోండి. సింగపూర్‌కి వీసా ముందే కావాలి, ఆథరైజ్డ్ ఏజెంట్ ద్వారా వేయాలి. రెండు దేశాలకీ, చేరడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు (మన ప్రయాణ వివరాల ఫారం) నింపాలి. రెండూ ఉచితం. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చే కొన్ని సైట్లు వీటికి డబ్బు అడుగుతాయి, వాటి జోలికి పోకుండా ఆ దేశ ప్రభుత్వ సైట్‌లోనే నింపండి. 14 కార్డులు నింపడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది.

మందులు, ఇన్సూరెన్స్

బీపీ, షుగర్ ఉన్నాయని ఇన్సూరెన్స్ ఫారంలో దాచొద్దు. దాస్తే అవసరమైన రోజున క్లెయిమ్ రాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకి కవర్ ఉందా, ఎంతదాకా, ఏ వయసు వరకు అని చదివి తీసుకోండి, వంద రెండొందలు ఎక్కువైనా ఫరవాలేదు. సింగపూర్‌లో ఆసుపత్రి ఖర్చు మనం తట్టుకోలేం. మందులు రోజులకి సరిపడా, ఇంకో ఐదు రోజులకి ఎక్కువ, స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టర్ చీటీతో, చేతి సంచిలో పెట్టండి. ఇన్సులిన్ కూడా చేతి సంచిలోనే. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు సింగపూర్‌కి తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి అవసరం కావచ్చు, వాళ్ల ఆరోగ్య శాఖ సైట్‌లో చూసుకోండి.

సామాను, తిండి

ఆత్రేయపురం పూతరేకులు, జంతికలు, పప్పు పొడి, కందిపొడి హాయిగా తీసుకెళ్లండి. ఆవకాయ చేతి సంచిలో రానివ్వరు, బాగా సీలు చేసి చెక్-ఇన్‌లో వేయాలి. కోనసీమ వాళ్లకి ప్రత్యేకంగా: కురిడీలు, ఎండు కొబ్బరి పెట్టొద్దు. నూనె శాతం వల్ల తనంతట తానే అంటుకునే సరుకుగా ఎండు కొబ్బరిని విమానాలకి ప్రమాదకరమైన వాటిలో చేర్చారు. గసగసాలు సింగపూర్‌లో నిషేధం, మసాలా పొడిలో కూడా వద్దు. గుట్కా, ఖైనీ, చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు కూడా అంతే. మాంసం పచ్చళ్లు ఇంట్లోనే ఉంచండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. రెండు దేశాల్లోనూ చదరపు కాళ్ల మూడు పిన్నుల ప్లగ్గు, ఇంటికి రెండు అడాప్టర్లు కొనుక్కోండి.

ఊళ్లో ఎవరైనా "అక్కడ మావాడికి ఇవ్వండి" అని పార్సిల్ ఇస్తే తీసుకోవద్దు. ఎంత దగ్గరివాళ్లైనా సరే. సింగపూర్‌లో మత్తుమందుల చట్టానికి మరణశిక్ష ఉంది, "నాది కాదు, నాకు తెలియదు" అంటే వినరు.

అక్కడ రోజులు

రోజుకి రెండే చూడాలి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం గదికి వచ్చి నడుం వాల్చి, సాయంత్రం ఇంకొకటి. కుర్రాళ్లకి ఇది చాలదు, వాళ్లని ఒక పూట వదిలేయండి. బటు కేవ్స్ మెట్లు 272. పైకి ఎక్కలేనివాళ్లు కింద 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం దగ్గర దణ్ణం పెట్టుకుని, కిందే ఉన్న రామాయణ గుహ చూడొచ్చు. మా పెద్దమ్మ అక్కడే గంటసేపు కూర్చుంది, మెట్లెక్కలేదన్న బాధ ఆవిడకి లేదు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, కోతుల దగ్గర సంచులు జాగ్రత్త. గెంటింగ్ కొండ మీద చలిగా ఉంటుంది, ఒక స్వెటర్ చాలు.

కౌలాలంపూర్ నుంచి సింగపూర్ బస్సులో ఐదారు గంటలు. చవకే, కానీ సరిహద్దులో రెండుసార్లు దిగి, సింగపూర్ వైపు సామానంతా మోసుకుని లైన్లో నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లుంటే విమానంలోనే వెళ్లండి, గంట ప్రయాణం. సింగపూర్‌లో గార్డెన్స్ బై ది బే దగ్గర రాత్రి దీపాల ప్రదర్శన ఉచితం. మెట్రో రైల్లో ఏమీ తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పండి. బస లిటిల్ ఇండియా దగ్గర పెట్టుకుంటే ఇడ్లీ, అన్నం నడిచే దూరంలో దొరుకుతాయి.

14 మందిని మూడు జట్లుగా చేసి జట్టుకి ఒకర్ని పెద్ద చేయండి. వ్యాను కదిలేముందు జట్టు పెద్ద తన మనుషుల్ని లెక్కపెట్టి "ఐదుగురూ ఉన్నారు" అని పైకి చెప్పాలి. ప్రతిరోజూ పొద్దున అందరికీ కలిపి ఒక ఫొటో తీయండి, ఎవరు ఏ రంగు బట్టలేసుకున్నారో అందులో ఉంటుంది. తప్పిపోయిన మనిషి వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే నిలబడాలి, మేమే వస్తాం. ఈ మాట పెద్దవాళ్లకి రోజూ చెప్పాం. హోటల్ పేరు, జట్టు పెద్ద నంబరు రాసిన కార్డు అందరి జేబులో ఉండాలి. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత మన హై కమిషన్. కౌలాలంపూర్‌లో ఒకటి, సింగపూర్‌లో ఒకటి ఉన్నాయి. అక్కడ పాస్‌పోర్ట్ లేకుండా ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

బయల్దేరే రోజు

హైదరాబాద్ నుంచి ఎక్కేటట్టయితే గౌతమిలోనో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లోనో ఒకరోజు ముందే వెళ్లి పడుకోండి. తెల్లారి రైలు దిగి మధ్యాహ్నం విమానం ఎక్కుతామనే లెక్క పెట్టుకోవద్దు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లకి రైళ్లు ఆగిపోవడం మనకి కొత్త కాదు. రాజమండ్రి నుంచి విమానంలో వెళ్లినా, రెండూ వేర్వేరు టికెట్లైతే మొదటిది ఆలస్యమైనందుకు రెండో కంపెనీ బాధ్యత తీసుకోదు. గేదెల పాలు, ఇంటి తాళం, చెరువు మేత ఎవరు చూస్తారో ఆ మనిషికి డబ్బు ముందే ఇచ్చి, అక్కడి నుంచి ఏ టైములో ఫోన్ చేస్తారో చెప్పి వెళ్లండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది.

తిరిగొచ్చాక

వారం లోపు లెక్క తేల్చేయండి. ఉమ్మడి సంచిలో మిగిలినది వంతుల ప్రకారం తిరిగి వేసేసి, రసీదుల ఫొటోలు గ్రూపులో పెట్టండి. ఫారెక్స్ కార్డులో మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోవడం మర్చిపోకండి. కొత్త పాస్‌పోర్టులు తీసుకున్నవాళ్ల గడువు తేదీలు అదే పుస్తకంలో రాసి ఉంచండి. మా పుస్తకం ఇప్పుడు పాలకొల్లులో మా అక్క దగ్గర ఉంది, శ్రీలంక కోసం మళ్లీ బయటికి తీసింది. మొదటి లైన్లో మళ్లీ పెద్దమ్మ పేరే రాసింది.